మీట నొక్కితిమి, అక్షరమేది?

నాకు తెలిసిన ఒక ఉన్నత పాఠశాలలో లెక్కలు చెప్పు మాస్టారొకరు ఆ మధ్య ప్రశ్నపత్రమును స్వయముగా కంప్యూటరు మీద తయారు చేయబూనిరి. యంత్రములో లినక్స్ ఉన్నది. తెలుగు ఇన్‌స్క్రిప్ట్ పద్ధతిలో కొట్టుట ఆయనకు బాగుగా అలవాటు. బీజగణితము వచ్చినచోట ఇంగ్లీషు అక్షరములకు మారుచుండవలెను. లిబ్రె ఆఫీసులో ఒక అంకెను పైకెత్తి ఘాతముగా చూపుటకు కంట్రోల్, షిఫ్ట్, పి అను మూడు మీటలను కలిపి నొక్కవలెను. మాస్టారు అట్లే నొక్కిరి. అంకె పైకి లేవలేదు. పైగా ఆ వెంటనే ‘వై’ అని కొట్టినచోట ‘బ’ పడినది. నాలుగుమారులు ప్రయత్నించి, కీబోర్డు చెడినదని తలచి, బడి ఖర్చుతో క్రొత్తదానిని తెప్పించిరి. క్రొత్త కీబోర్డులోను ‘వై’ మీట ‘బ’ అనియే పలికినది. యంత్రములో వైరస్ చేరినదని ఒకరు, మొత్తము తుడిచివేసి మరల ఎక్కించవలెనని మరియొకరు సలహా ఇచ్చిరి.

“మాస్టారూ, మీ కీబోర్డులు రెండూ ఆరోగ్యముగానే ఉన్నవండీ” అని నేను చెప్పగా, ఆయన “అయితే నా ఎక్స్ వర్గము ఏ గంగలో కలిసినదండీ?” అని అడిగిరి. ప్రశ్న న్యాయమైనది. మీట నొక్కుటకును, తెరమీద అక్షరము కనబడుటకును మధ్య ఎవరెవరు కూర్చుండి ఉన్నారో మనకు ఎవ్వరును చెప్పరు. అట్లు కూర్చున్నవారిలో ముఖ్యుడు విండో మేనేజరు. వాని మంచి చెడ్డలను కొంచెము విచారింతము.

మొదట మీట ప్రయాణమును చూడవలెను. కీబోర్డులో అక్షరములు లేవు. మీటలకు సంఖ్యలు మాత్రమే ఉన్నవి. ‘ఏ’ అని ముద్రించిన మీటను నొక్కినపుడు లినక్స్ మూలభాగము దానిని 30వ మీటగా గుర్తించును. కిటికీలను నడిపించు ఎక్స్ విండో సిస్టమ్ దానికి 8 కలిపి 38గా చేయును. ఎక్స్ నియమము ప్రకారము మీటల సంఖ్యలు 8 మొదలు 255 వరకు ఉండవలెను. ఈ 38 అను సంఖ్యతోపాటు, ఆ క్షణములో షిఫ్ట్, కంట్రోల్, ఆల్ట్ వంటి సహాయక మీటలలో ఏవి నొక్కి ఉన్నవో తెలుపు మరియొక సంఖ్యయు బయలుదేరును. ఈ రెండును కలిసి ఒక కిటికీని చేరిన తరువాతనే, అక్కడి ప్రోగ్రాము పట్టికను చూచి ఇది ఇంగ్లీషు అక్షరమా, తెలుగు గుణింతపు గుర్తా అని తేల్చుకొనును. కాబట్టి దారిలో మూడు విధములుగా పొరపాటు జరుగవచ్చును. సంఖ్య అసలు బయలుదేరకపోవచ్చును. బయలుదేరినది వేరొకరి చేతిలో పడవచ్చును. సరియైన చోటికే చేరి తప్పు పట్టికతో చదువబడవచ్చును. సామాన్యులు మొదటిదానినే అనుమానింతురు. నేను చూచినంతలో రెండవది, మూడవది ఎక్కువ.

ఎక్స్ విండో సిస్టమ్ 1984లో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో పుట్టినది. రాబర్ట్ షైఫ్లర్, జిమ్ గెటిస్ అనువారు దాని నిర్మాతలు. నేటికిని వాడుకలో నున్న పదునొకండవ రూపము 1987లో వెలువడినది. దాని నిర్మాతలు ఒక సూత్రమును పట్టుకొనిరి: మేము యంత్రాంగమును మాత్రము సమకూర్తుము, విధానమును నిర్ణయింపము. అనగా కిటికీకి అంచు ఎట్లుండవలెను, ఏ కిటికీ ముందుండవలెను, నొక్కిన మీట ఎవరికి చెందవలెను అను ప్రశ్నలకు ఎక్స్ సమాధానము చెప్పదు. ఆ పని విండో మేనేజరు అను వేరొక ప్రోగ్రామునకు అప్పగింపబడినది. అదికూడ ఎక్స్ దృష్టిలో అన్నిటివంటి ప్రోగ్రామే. దానిని తీసివేసి మరియొకదానిని పెట్టుకొనవచ్చును. ఈ స్వేచ్ఛ గొప్పది. ముప్పది ఏండ్లకు పైగా పదుల కొలది విండో మేనేజర్లు పుట్టి, ఒకదానినుండి ఒకటి నేర్చుకొన్నవన్నచో ఆ సూత్రమే కారణము. కాని విధానమును ఎవ్వరును నిర్ణయింపనిచోట, విధానము చెడినపుడు జవాబు చెప్పువారును ఉండరు. నా ఆక్షేపణ అంతయు ఇక్కడనే మొదలగును.

ఎక్స్‌లో కిటికీలన్నియు ఒక చెట్టువలె అమర్చబడి ఉండును. తెర మొత్తమును ఆక్రమించిన మూల కిటికీ మొదట. దాని క్రింద ప్రోగ్రాముల కిటికీలు. వాటి క్రింద చిన్న చిన్న గడులు. ఏ ప్రోగ్రామైనను ఒక కిటికీమీద “ఈ మీటల కూడిక నాది” అని ముందుగా పట్టు వేసికొనవచ్చును. మీట నొక్కినపుడు ఎక్స్ ఈ చెట్టును మొదలునుండి చివరకు వెదకును. పైన పట్టు ఉన్నచో క్రిందివారికి ఆ మీట అందదు. విండో మేనేజరు మూల కిటికీమీదనే పట్టు వేయును. పూర్వము కొన్ని గ్రామములలో ఎవరి ఉత్తరమైనను ముందు మునసబుగారి అరుగుమీదికి వచ్చెడిది. మునసబుగారు తమదని తీసికొన్న ఉత్తరము సంగతి అసలు చిరునామాదారునికి తెలియనే తెలియదు. ఇదియు అంతే.

దీని ఫలితములు చిత్రముగా నుండును. ప్రోగ్రాములు వ్రాయువారు వాడు ఇంటెలిజె అను పరికరములో ఒక పేరు ఎక్కడెక్కడ వాడబడినదో వెదకుటకు ఆల్ట్‌తో ఎఫ్ 7 నొక్కవలెను. గ్నోమ్ డెస్క్‌టాపులో అదే కూడిక కిటికీని జరుపుటకు కేటాయింపబడి ఉన్నది. విద్యార్థి వెదకబోవును, కిటికీ కదలుటకు సిద్ధమగును. అదే పరికరములో వెనుకటి చోటికి పోవుటకు కంట్రోల్, ఆల్ట్, ఎడమ బాణము నొక్కినచో, పనిచేయు స్థలమే మారిపోయి, వ్రాసినదంతయు మాయమైనట్లు తోచును. ఇంక్‌స్కేప్‌లో ఒకదాని క్రింద దాగిన బొమ్మను పట్టుకొనుటకు ఆల్ట్ నొక్కి మౌసుతో తాకవలెను. అనేక విండో మేనేజర్లలో అది కిటికీని ఈడ్చుటకు గుర్తు. ఈమాక్స్ అను వ్రాతపరికరము సంగతి మరింత విచారకరము. 1976లో పుట్టినది, నేటి విండో మేనేజర్లన్నిటికంటె వయసులో పెద్దది. దానిలో మెటా, టాబ్ మీటలు కలిపి నొక్కినచో సగము వ్రాసిన మాట పూర్తియగును. నేటి కీబోర్డులలో మెటా అనగా ఆల్ట్. ఆల్ట్‌తో టాబ్ నొక్కినచో ఏమగునో పాఠశాల పిల్లలకుకూడ తెలియును, కిటికీ మారును. ఈ మీటలను విండో మేనేజరు తనకై ఉంచుకొనును కాబట్టి వేరే మీటలు నొక్కుడని ఈమాక్స్ గ్రంథమే చదువరులకు సలహా చెప్పుచున్నది. ఇంటి పెద్దవాడు క్రొత్త అద్దెదారునకు జడిసి పెరటి గుమ్మమున రాకపోకలు సాగించినట్లున్నది.

విండో మేనేజరు కొన్ని మీటలను తనకై ఉంచుకొనుటను నేను తప్పు పట్టను. ఒక ప్రోగ్రాము చిక్కుపడి మొత్తము తెరను ఆక్రమించినపుడు, దానినుండి బయటపడుటకు ఆ ప్రోగ్రామునకు లొంగని మీట ఒకటి ఉండితీరవలెను. విండోస్ ఎన్‌టి తరగతి యంత్రములలో కంట్రోల్, ఆల్ట్, డిలీట్ కలయికను సామాన్య ప్రోగ్రాము ఏదియు అడ్డగింపలేదు. దొంగ లాగిన్ తెరను చూపి రహస్యపదమును కాజేయు మోసమును ఆ ఏర్పాటు నివారించును. ఇట్టి అధికారము అవసరము. నేను తప్పు పట్టునది అధికారమును కాదు, మౌనమును. మీటను తీసికొన్న విండో మేనేజరు తెరమీద ఒక మూలనైనను “ఇది నేను తీసికొంటిని” అని చెప్పదు. ఒకే కూడికను ఇద్దరు కోరినచో రెండవవానికి ఎక్స్ నుండి తిరస్కారము వచ్చును. ఆ తిరస్కారమును కొన్ని ప్రోగ్రాములు లక్ష్యపెట్టవు, కొన్ని ఏకముగా కూలిపోవును, వాడుకరికి సంగతి చెప్పునవి అరుదు. క్రింది ప్రోగ్రామునకైతే తిరస్కారముకూడ లేదు. దానికి తెలియునదల్లా, ఒక్క క్షణము తనమీదినుండి దృష్టి తొలగి మరల వచ్చినదని మాత్రమే.

సహాయక మీటల లెక్క విద్యార్థులకు ఆసక్తికరముగా నుండును. ఎక్స్‌లో ఇట్టివి ఎనిమిది. షిఫ్ట్‌కు 1, క్యాప్స్‌లాక్‌కు 2, కంట్రోల్‌కు 4. తరువాత మోడ్ అను పేరుగల అయిదింటికి వరుసగా 8, 16, 32, 64, 128. అన్నియు రెండు ఘాతములు కాబట్టి ఏ కూడికకైనను ఒక్కటే మొత్తము వచ్చును. ఒక మొత్తమునకు ఒక్కటే కూడిక ఉండును. సాధారణముగా 8 ఆల్ట్‌కు, 16 నమ్‌లాక్‌కు, 64 విండోస్ గుర్తుగల మీటకు చెందును. ఇప్పుడొక విండో మేనేజరు ఆల్ట్, ఎఫ్ 7లపై పట్టు వేసినదనుకొందము. అది కోరినది 8. వాడుకరి కీబోర్డులో నమ్‌లాక్ దీపము వెలుగుచున్నది. అతడు ఆల్ట్ నొక్కినపుడు మొత్తము 8 కాదు, 8కి 16 కలిపి 24. ఎక్స్ లెక్కలో ఖచ్చితము. 24 వేరు, 8 వేరు. పట్టు తగులదు. ఫలితముగా నిన్న పనిచేసిన మీట నేడు పనిచేయదు. రాత్రి ఎవరో అంకెల గడి కొరకు నమ్‌లాక్ నొక్కినారని ఎవ్వరికి తట్టును? దీనికి మందు లేకపోలేదు. క్యాప్స్‌లాక్, నమ్‌లాక్ రెండును వెలిగి, ఆరియున్న నాలుగు స్థితులకును విడివిడిగా, అనగా 8, 10, 24, 26 మొత్తములకు నాలుగు పట్లు వేయవలెను. ముప్పది కూడికలున్నచో నూట ఇరువది పట్లు. స్క్రోల్‌లాక్‌నుకూడ లెక్కించినచో అది రెట్టింపు. సహాయక మీట ఏదైనను సరే అని ఒక్కటే పట్టు వేయు సౌకర్యమున్నది గాని, దానితో ఒంటి ఎఫ్ 7 కూడ పోవును. దీపము వెలుగుటను వేలు నొక్కుటతో సమానముగా ఎంచిన ఈ లెక్క మొదటినుండియు పొరపాటని నా అభిప్రాయము. శ్రద్ధగల రచయితలు నాలుగు పట్లు వేసి ఈ లోపమును కప్పిరి. శ్రద్ధ చాలని చోట వాడుకరి క్రొత్త కీబోర్డు కొనును.

దృష్టి సంగతి వేరొక అధ్యాయము. తెరమీద పది కిటికీలుండగా మీటలు ఒక్కదానికే చేరవలెను కదా. ఏ కిటికీకి అను నిర్ణయములో రెండు సంప్రదాయములు ఉన్నవి. మౌసుతో తాకినదానికే మీటలు చెందుట ఒకటి. మౌసు బాణము ఎక్కడున్నచో అక్కడికే చెందుట రెండవది. రెండవదానికి అలవాటు పడినవారు దానిని విడువరు, వేగము దానిలో ఉన్నది. కాని బడిలో పదిమంది వాడు యంత్రములో ఆ అమరిక ప్రమాదకరము. బల్ల కదలినచో బాణము జరుగును. బాణము జరిగినచో అక్షరములు పక్క కిటికీలో పడును. ఒక విద్యార్థి తన రహస్యపదమును చుక్కలుగా కనబడు గడిలో కొట్టుచున్నాననుకొని, పక్కనే తెరచియున్న ముచ్చట్ల కిటికీలో నలుగురికి కనబడునట్లు కొట్టుట నేను కన్నులారా చూచితిని. ఆ బాలిక సిగ్గుపడి ‘నాకు కంప్యూటరు రాదు సార్’ అన్నది. తప్పు ఆమెది కాదని చెప్పి ఒప్పించుటకు నాకు అర్ధగంట పట్టినది. క్రొత్తగా తెరచుకొన్న కిటికీ దృష్టిని లాగికొనకుండ ఆపు అమరికయు విండో మేనేజర్లలో ఉన్నది. దానిని మరీ బిగించినచో క్రొత్త కిటికీ తెరచుకొని కూడ మీటలను అందుకొనదు, మరీ వదలినచో వ్రాయుచున్న వాక్యము మధ్యలో వేరొక కిటికీ వచ్చి మిగిలిన సగమును మ్రింగును.

ప్రోగ్రాములును విండో మేనేజర్లును ఎట్లు మర్యాదగా మెలగవలెనో తెలుపు కట్టుబాటు పత్రము ఒకటి ఉన్నది. దానిలో దృష్టిని అందుకొను విధములు నాలుగుగా చెప్పబడినవి. అందరును ఆ పత్రమును పాటించినచో గొడవ లేదు. పాటింపనిచోట ఏమి జరుగునో జావా భాషలో వ్రాసిన కిటికీలు చక్కగా చూపినవి. జావా తన ఎదుటనున్న విండో మేనేజరు ఏ పనులు చేయగలదో అడుగుటకు మారుగా, దాని పేరేమిటని అడిగి, తనలో ముందే వ్రాసికొన్న పేర్ల జాబితాతో పోల్చుకొనెడిది. కిటికీలకు అంచుచట్రము తొడుగని విండో మేనేజర్లలో కొన్నిటి పేర్లు ఆ జాబితాలో లేవు. అక్కడ జావా కిటికీలు బూడిదరంగు పలకలవలె నిలిచిపోయెడివి. మీటలు నొక్కినను పలుకక వేధించెడివి. దీనికి వాడుకరులు కనిపెట్టిన చిట్కా నవ్వు తెప్పించును. ‘ఎల్‌జి3డి’ అనునది సన్ సంస్థ చేసిన ఒక ప్రయోగపు విండో మేనేజరు. ప్రజలలో వ్యాపించినది కాదు. కాని దాని పేరు జావా జాబితాలో ఉన్నది. కాబట్టి తమ విండో మేనేజరుచేత ‘నా పేరు ఎల్‌జి3డి’ అని అబద్ధమాడించినచో జావా సంతోషించి సరిగా పనిచేసెడిది! పని అడుగక ఊరు, పేరు అడిగి పీట వేయు పద్ధతి యంత్రములలోను ఇంతటి అనర్థము తెచ్చును.

మన తెలుగు పిల్లలకు ప్రత్యేకముగా తగులు చిక్కు ఒకటి చెప్పవలెను. ఇన్‌స్క్రిప్ట్ పద్ధతి 1991లో భారత ప్రమాణముల సంస్థ వెలువరించిన ప్రమాణములో చేరినది. దానిలో క, గ, చ, జ వంటివి ఒంటి మీటలు. ఖ, ఘ, ఛ, ఝ వంటి ఒత్తక్షరములు అవే మీటలమీద షిఫ్ట్‌తో వచ్చును. శాస్త్రీయమైన అమరిక, నేర్చుకొన్న తరువాత చేయి హాయిగా నడచును. కాని నేర్చుకొను పిల్లవాడేమి చేయును? ‘ఘ’ కావలసి, ముందు షిఫ్ట్ నొక్కి పట్టుకొని, ‘గ’ ఎక్కడ ఉన్నదా అని తీరికగా వెదకుచుండును. విండోస్‌లో కుడి షిఫ్ట్‌ను 8 సెకండ్లు నొక్కి పట్టినచో, వణకు చేతులవారికొరకు ఉద్దేశింపబడిన వడపోత సౌకర్యమును తెరవవలెనా అని అడుగును. పిల్లవాడు చదువకయే ‘సరే’ అనును. ఎక్స్‌లోను, ఈ సౌకర్యమును కీబోర్డునుండి పిలుచు అమరిక ఉన్నచోట, షిఫ్ట్‌ను 8 సెకండ్లు పట్టినచో మీటలు మందగించును. చాలసేపు నొక్కి ఉంచినగాని అక్షరము పడదు. షిఫ్ట్‌ను వరుసగా అయిదుమారులు నొక్కినచో అది అంటుకొనిపోవును. వికలాంగులకు ఇవి వరములు. వీనిని తీసివేయుమనుట అన్యాయము. కాని వెదకి వెదకి కొట్టు పిల్లవాని చేతికి తెలియకుండ తగులు తాళముగా వీనిని అమర్చినపుడు, తగిలినట్లు కనీసము తెరమీద గుర్తుండవలెను కదా. కీబోర్డు ‘చచ్చిపోయినది’ అని నాయొద్దకు తెచ్చినవానిలో మీటను గట్టిగా రెండు సెకండ్లు నొక్కి చూచుటతోనే గుట్టు బయటపడినవి ఉన్నవి.

ఇక మాస్టారి ఎక్స్ వర్గము సంగతి. నిజము చెప్పవలెనన్నచో ఇక్కడ నేరము విండో మేనేజరుది కాదు, దానికి వరుసకు సోదరుడగు కీబోర్డు వరుస మార్పుది. ఈ రెండింటి అమరికలును ఒకే సొరుగులో ఉండును, అందుచేత ఒకదాని నింద మరియొకదానిమీద పడుచుండును. ఆయన యంత్రములో తెలుగు, ఇంగ్లీషు మార్చుకొనుటకు కంట్రోల్, షిఫ్ట్ మీటల జంటను పెట్టియుండిరి. కంట్రోల్ నొక్కి షిఫ్ట్ నొక్కిన క్షణముననే, వేలు తీయక మునుపే, ఎక్స్ వరుసను మార్చివేయును. ఆ షిఫ్ట్ నొక్కు వరుస మార్పు క్రింద ఖర్చైపోవును. షిఫ్ట్‌గా లెక్కకు రాదు. ఘాతమునకు కావలసిన కంట్రోల్, షిఫ్ట్, పి అను ముగ్గురిలో ఒకడు దారిలోనే తప్పిపోయెను కనుక, లిబ్రె ఆఫీసుకు ఆ ఆజ్ఞ ఎన్నడును చేరలేదు. వరుస మాత్రము తెలుగునకు మారినది. ఇన్‌స్క్రిప్ట్‌లో ‘వై’ మీటమీద నున్నది ‘బ’. కీబోర్డు అక్షరాలా సరియైన పనియే చేసినది.

వేలు నొక్కినపుడు కాక, మూడవ మీట ఏదియు నొక్కకుండ వేళ్ళు తీసినపుడు వరుస మార్చినచో ఈ చిక్కు ఉండదు. ఎక్స్‌లో ఇది పాత ఫిర్యాదు. టెర్మినలులో కంట్రోల్, షిఫ్ట్, సి నొక్కి నకలు తీయువారు, ఆల్ట్, షిఫ్ట్, టాబ్ నొక్కి కిటికీలను వెనుకకు త్రిప్పువారు ఇదే బాధ పడిరి. ఒకే భాషలో వ్రాయు ప్రోగ్రాము రచయితకు ఈ బాధ ఎన్నడును తగులదు. రెండు లిపులలో బ్రతుకు మనవంటివారికే అది నిత్యము. ఇటువంటి లోపములు దీర్ఘాయువులగుటకు ఇదికూడ ఒక కారణమని నాకు తోచుచున్నది. పాత ఐబస్‌లో భాష మార్చుటకు కంట్రోల్, స్పేస్ ఉండెడిది; ఈమాక్స్‌లో పాఠమునకు గుర్తు పెట్టు మీటలు అవే. తరువాత ఐబస్ వారు సూపర్, స్పేస్‌కు మార్చిరి.

ఇట్టి చిక్కులలో ఊహలు మాని పరీక్ష చేయవలెను. ఇది ప్రయోగశాలలో మనము పిల్లలకు చెప్పునదే. మొదట కంట్రోల్, ఆల్ట్, ఎఫ్ 3 నొక్కి నల్లని అక్షరతెరకు పోవలెను. అక్కడ విండో మేనేజరు లేదు. అనుమానము గల మీట అక్కడ ఇంగ్లీషు అక్షరమును సరిగా వేసినచో కీబోర్డు నిర్దోషి, దుకాణమునకు పోనక్కరలేదు. తిరిగి వచ్చి, ఎక్స్ నడుచు యంత్రములో ‘ఎక్స్‌ఈవి’ అను చిన్న ప్రోగ్రామును టెర్మినలునుండి తెరవవలెను. తెల్లని చిన్న కిటికీ వచ్చును. దానిలో మీటలు నొక్కుచుండగా, చేరిన ప్రతి వార్తయు టెర్మినలులో అచ్చగును. మీట నొక్కిన వార్తయు, విడిచిన వార్తయు వచ్చి, పక్కన అనుకొనని అక్షరపు పేరున్నచో తప్పు పట్టికది. వరుసల అమరికను చూడవలెను. మీట వార్త రాక, దృష్టి పోయినట్లును వెంటనే తిరిగి వచ్చినట్లును జంటగా రెండు వార్తలు వచ్చి, వానిలో ‘నోటిఫై గ్రాబ్’ అను మాట ఉన్నచో, ఎవరో పట్టు వేసి మీటను తీసికొన్నారు. విండో మేనేజరు మీటల జాబితాను తెరచి చూడవలెను. ఏమియు రాకపోయినచో, మీటను రెండు సెకండ్లు నొక్కి ఉంచి చూడవలెను. అప్పుడు వచ్చినచో మందగింపు సౌకర్యము తగిలియున్నది. తరువాత క్రొత్త వాడుకరి ఖాతా ఒకటి తెరచి అదే పరీక్ష చేయుట ఉత్తమము. అక్కడ బాగుండి పాత ఖాతాలో చెడినచో దోషము అమరికలలోనే ఉన్నది. అమరికలను ఒక్కొక్కటిగా మార్చి చూడవలెను. ఒకేమారు అయిదు మార్చినచో చిక్కు తీరినను ఏది కారణమో తెలియదు, మరునెల మరల మొదటికి వచ్చును.

2008లో క్రిస్టియన్ హోగ్స్‌బర్గ్ ప్రారంభించిన వేలాండ్, ఎక్స్ స్థానమును క్రమముగా ఆక్రమించుచున్నది. దానిలో కిటికీలను నడుపువాడును, మీటలను పంచువాడును ఒక్కడే. ఇష్టము వచ్చిన ప్రోగ్రాము మూల కిటికీమీద పట్టు వేయుట అక్కడ కుదరదు. ఒకరి మీటలను మరియొకరు చాటుగా వినుటయు కుదరదు. ఇది నిజమైన మెరుగు. ఇతర యంత్రమును కిటికీలో చూపు ప్రోగ్రాములు తమకు మీటలన్నియు కావలెనని అర్జీ పెట్టుకొనవచ్చును. ఒప్పుకొనుట, ఒప్పుకొనకపోవుట వాడుకరి చేతిలో ఉండునట్లు ఏర్పాటు చేయవచ్చును. ఇరువది ఏండ్లు ఎక్స్‌లో మౌనముగా జరిగిన పని ఇక్కడ అడిగి జరుగుచున్నది. కాని ఒక నష్టమున్నది. ఎక్స్‌ఈవి ఇక్కడ పాత పద్ధతి కిటికీల సంగతి మాత్రమే చెప్పగలదు. దాని స్థానములో ‘వెవ్’ అను ప్రోగ్రాము వచ్చినది గాని, మీట తీసికొనబడినపుడు ఎక్స్ వదలెడి ఆ చిన్న జాడ ఇక్కడ సాధారణముగా కనబడదు. మీట రాలేదని మాత్రమే తెలియును. అధికారము ఒకచోట చేరినపుడు లెక్క చెప్పు బాధ్యతయు అక్కడ చేరవలెను. ఏ మీట నొక్కితిరి, దానిని ఎవరు తీసికొన్నారు అని చూపు ఒక చిన్న పలక ప్రతి డెస్క్‌టాపుతోను రావలెనని కోరుట పెద్ద కోరిక కాదు. పంచువాడు ఒక్కడే అయినపుడు అది సులభము కూడ.

ఇక మీటల పంపకము. 1981 నాటి ఐబిఎం పి.సి.లో విండోస్ గుర్తుగల మీట లేదు. అది 1994 నుండి కీబోర్డులలో చేరినది. ఎక్స్‌లో దానికి సూపర్ అని పేరు. ఆ పేరు అమెరికాలోని పాత లిస్ప్ యంత్రముల కీబోర్డునుండి వచ్చినది. ప్రోగ్రాములు కంట్రోల్, ఆల్ట్‌లను వాడుకొనవలెను, విండో మేనేజరు సూపర్‌ను వాడుకొనవలెను అని గట్టు వేసికొన్నచో తగవులలో చాలభాగము తీరును. గ్నోమ్ వారు కిటికీని ఈడ్చు గుర్తును ఆల్ట్ నుండి సూపర్‌కు మార్చుట ఆ దారిలో మంచి అడుగు. ఆల్ట్‌తో టాబ్ మాత్రము జనము చేతికి ఎంతగా అలవాటైనదో చెప్పనక్కరలేదు. దానిని ఈమాక్స్‌కు తిరిగి ఇప్పించు న్యాయస్థానము ఏదియు లేదు.

మాస్టారి యంత్రములో భాష మార్చు మీటలను సూపర్, స్పేస్‌గా చేసితిమి. కంట్రోల్, షిఫ్ట్, పి నొక్కగానే రెండు పైకి లేచి ఎక్స్ తలమీద కూర్చున్నది. ఆ తరువాత వై కూడ వైగానే పడినది. పాత కీబోర్డును పారవేయలేదట. ఇప్పుడు అది వారి గ్రంథాలయములో పుస్తకముల జాబితా వ్రాయు యంత్రమునకు తగిలించి ఉన్నది.